బండకు పోసే నీళ్ళు

"బండలకు నీళ్ళు పోసేకి కూడా జీతమిస్తారంటనే?" అంది సిద్ధమ్మ, కోడలు సీసాలు నింపుతుంటే. నాగజ్యోతి నవ్వి ఊరుకుంది. అత్త మాటలకు నవ్వి ఊరుకోవడం పెళ్ళయిన కొత్తలోనే అలవాటైపోయింది. రెండు పెద్ద సీసాలు బండలకు, ఒక చిన్నది తనకు. ఇంట్లోవాళ్ళకు వంట చేసి, మూతలు పెట్టి, రామచంద్ర సార్‌కు కూడా బొరుగుల ఉగ్గాని కట్టుకుని బయలుదేరేసరికి హిందూపురంలో ఇంకా సరిగా తెల్లారలేదు. సార్ ధర్మవరం నుంచి వస్తాడు, పెనుకొండలో కలుస్తాడు. వృక్షశాస్త్రంలో పెద్దాయన, ఈ సర్వేకి ఆయనే నాయకుడు. ఆయనకు టిఫిన్ తెమ్మని ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు "ఏం తెచ్చినావమ్మా?" అని అడిగాడు, అంతే, అది కూడా ఆమె పనే అయిపోయింది. ఆమె డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్ అన్న సంగతి ఉగ్గాని ముందు ఎవరికి గుర్తుంటుంది?

పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఉన్న గుట్టల మీద, బండను కరచుకుని బతికేవాటిని గుర్తించడం వాళ్ళ పని. బిరియానీ మసాలాలో వేసే రాతిపువ్వు అందరికీ తెలుసు. దాని చుట్టాలు ఆ గుట్టల నిండా ఉన్నాయి, సున్నపు చుక్కల్లా, పసుపు మరకల్లా. వాటి పక్కనే నాచు. నిజానికి ఇది వానాకాలంలో చేయాల్సిన సర్వే. అనుమతులు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఎండాకాలంలో నాచు నల్లగా మాడిపోయి, గీకితే పొడిగా రాలేటట్టు ఉంటుంది. బతికుందో లేదో తెలియాలంటే ఒకటే దారి. నీళ్ళు పోసి కాసేపు ఆగాలి. ప్రాణముంటే కళ్ళ ముందే విచ్చుకుని పచ్చబడుతుంది. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే, అయినా మొదటిసారి గుట్ట మీద ఆ పచ్చదనం చూసినప్పుడు నాగజ్యోతికి ఏడుపొచ్చింది. సార్‌కు కనబడకుండా పైట చెంగుతో తుడుచుకుంది.

ఇన్ని నీళ్ళు మోసుకుపోయే మనిషి తాను మాత్రం గుక్కెడు తాగేది కాదు. చిన్న సీసా ఎట్లా పోయిందో సాయంత్రానికి అట్లాగే తిరిగొచ్చేది. గోరంట్లలో చదువుకునే రోజుల్లో బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. "బడికి పోయేముందర నీళ్ళు తాగొద్దు పాపా" అని అమ్మ ముద్దుగానే చెప్పేది. కాలేజీలో మరుగుదొడ్డి ఉంది, తాళం మాత్రం ఆఫీసు గదిలో ఉంటుంది. నలుగురు మగవాళ్ళు కూర్చున్న చోటికి పోయి చేయి చాపి అడగాలి. పెళ్ళయ్యాక ప్రయాణాల్లో మొగుడు చంద్రశేఖర్ ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి దిగి, చెట్టు చాటుకు కూడా పోకుండా పని కానిచ్చుకుని వచ్చేవాడు. ఆమె అడిగితే మాత్రం "ఇంగ అర్ధగంటలో ఇల్లే గదా, ఓర్చుకో" అనేవాడు. "ఆడదానికి ఆమాత్రం ఓర్పు లేకుంటే ఎట్లమ్మా?" అని వెనక సీట్లోంచి అత్త. ఆ ఓర్పుకు ఫలితంగా పోయిన నెల మూత్రంలో మంట, చలిజ్వరం. హిందూపురంలో డాక్టర్ పర్వీన్ చీటీ రాస్తూ గట్టిగానే తిట్టింది. "కిడ్నీల దాకా పాకిందంటే నా చేతిలో కూడా ఉండదు. పగలంతా నీళ్ళు తాగల్ల." ఆ మాట ఇంటికొచ్చి చెబితే చంద్రశేఖర్ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "తాగు, వద్దన్నదెవరు?" అన్నాడు. నిజమే, ఎవరూ వద్దనలేదు. వద్దనకుండానే ఆమెను ఎండబెట్టారు.

ఆ రోజు సగం గుట్ట ఎక్కాక ఒక పెద్ద గుండు రాయి నీడన కూర్చుని టిఫిన్ చేశారు. అప్పటికి ఒక సీసా బండలకే అయిపోయింది. సార్ ఉగ్గాని ముగించి, ఎంగిలి చేయి ముందుకు చాపాడు. నాగజ్యోతి లేచి రెండో సీసా మూత తీసి ఆ చేతి మీద నీళ్ళు పోసింది. ఆయన చేయి కడిగాడు, పుక్కిలించాడు, ముఖం కడుక్కున్నాడు, మెడ తడుపుకున్నాడు. ఆమె పోస్తూనే ఉంది. ఇంట్లో రోజూ మొగుడి చేతికి పోసినట్టే. సీసా తేలికైనాక గాని ఏం చేస్తున్నదో ఆమెకు తెలియలేదు. చేయి చాపింది ఆయనే కావచ్చు, బుర్ర లేనట్టు పోసింది తను. తన మీద తనకే అసహ్యం వేసింది.

గుట్ట కొనకు చేరేసరికి ఎండ నెత్తి మీద ఉంది. చూడాల్సింది ఇంక కొన మీది ఒక్క బండే. కొనను కంకర క్వారీకి ఇమ్మని ఎవరో అడిగి ఉన్నారు. ఇక్కడ ప్రాణమున్నది కనబడితే కొన కూడా ఈ సర్వేను బట్టి గీసే రక్షణ హద్దులోకి వస్తుంది, లేకుంటే క్వారీకి వదిలేస్తారు. మర్నాడే రిపోర్టు పోవాలి. బండంతా నల్లటి పొక్కు.

"అంతా మాడిపోయిండాది. ఏమీ లేదని రాసేద్దాం" అన్నాడు సార్.

"పోసి చూడకుండా ఎట్ల సార్?"

"నీళ్ళు యాడుండాయి?" అని చుట్టూ చూసి, ఆయన ఆమె సంచీ వైపు చేయి చూపాడు. "నీ సీసా నిండుగా ఉండాది గదమ్మా. నువ్వెట్లా తాగవు. దానికి పోసెయ్యి."

నువ్వెట్లా తాగవు. ఇన్నాళ్ళూ ఆయన చూస్తూనే ఉన్నాడన్నమాట. ఎందుకు తాగవని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆమె చేయి అలవాటుగా సంచీలోకి పోయింది, మూత కూడా తీసింది. నాలుక పిడచకట్టి ఉంది. పొత్తికడుపులో పొద్దుటి నుంచీ బిగబట్టిన నొప్పి. బండ వైపు చూసింది. దాన్ని బతికించాలని ఆమెకు నిజంగా ఉంది. కానీ దానికోసం తాను ఎండిపోవాలని ఆ బండ అడగలేదు గదా.

సీసా పైకెత్తి, అక్కడే నిలబడి, చివరి చుక్క దాకా తాగింది. గొంతులో దిగుతున్న చప్పుడు సార్‌కు కూడా వినబడి ఉంటుంది.

"ఇవి నాకు కావాల సార్. బండకు మీవి ఈయండి."

"మళ్ళ నాకు దప్పి అయితే?"

"కిందికి పోయినాంక తాగండి."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా సగమున్న తన సీసా తీసి ఇచ్చాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కొంచెం కొంచెంగా పోసింది. ఇద్దరూ బండనే చూశారు. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఒక అంచున నలుపు కదిలింది, చిన్న ఆకులు విడివడ్డాయి, అరచేయంత మేర పచ్చబడింది. "ఉండాది, ఉండాది!" అంటూ సార్ గబగబా ఫోన్ తీసి వంగాడు.

నాగజ్యోతి లేచి నిలబడింది.

"ఫోటోలు తర్వాత తీద్దురు సార్. నేను ఒంటేలుకు పోవాల. మీరు ఆ పక్కనున్న గుండు అవతలికి పోయి, నేను పిలిచేదాంక ఈతట్టు రావొద్దండి."