ఎనభై రెండు నడుము

ఎర్రోల్ టిబ్స్ ఆకురాయితో మోటారు రంపం పళ్ళకు పదును పెడుతున్నాడు. రంపాన్ని కిందికి వాల్చిన ట్రక్కు వెనక తలుపు మీద పెట్టుకుని, ఒక్కో పంటినీ ఒకే వాలులో రాస్తున్నాడు. స్కాట్స్‌డేల్ ఊరి అవతల పాడి పశువుల పొలం గట్టున గాలికి అడ్డంగా ఎవరో ఎప్పుడో నాటిన సైప్రస్ చెట్లు వరసగా పొలం మీదికి ఒరిగిపోయాయి. వాటిని పడగొట్టాలి.

జోడీగాడు రెక్స్ మొదటి చెట్టుకు తాడు బిగించి వచ్చాడు. ఎర్రోల్ వెళ్ళి ఆ ముడి విప్పి, మళ్ళీ తనే కట్టాడు. అది అలవాటే. పాలు పొయ్యి మీద పెట్టేముందు వాసన చూస్తాడు, నిచ్చెన ఎక్కేముందు ప్రతి మెట్టూ కదిపి చూస్తాడు. ముప్పై ఏళ్ళుగా మోటారు రంపం పట్టినా కాళ్ళూ చేతులూ మిగిలాయంటే ఆ అనుమానమే కారణమని అతని నమ్మకం.

"గ్లెనిస్ ఎలా భరిస్తోందిరా ముసలోడా, నిన్ను?" అన్నాడు రెక్స్.

ఇంకోరోజైతే నవ్వేవాడు. ఇవాళ రెక్స్ నోట పెళ్ళాం పేరు ముల్లులా గుచ్చుకుంది.

పొద్దున పనిముట్ల కొట్టు నుంచి నోలీన్ ఫోన్ చేసింది. "గ్లెనిస్ లేదా? రంపం ప్యాంటూ, బూట్లూ వచ్చాయని చెప్పు. ఎనభై రెండు నడుము." రంపం తగిలినా కాలు తెగకుండా కాపాడే ప్యాంటు అది. ఎర్రోల్ నడుము తొంభై ఏడు సెంటీమీటర్లు. ఆ సైజు తప్ప ఇంకోటి అతను ఏనాడూ కొనలేదు. ఎనభై రెండు ఎవరిది? రెక్స్ కందికట్టెలా ఉంటాడు. ఆదివారం భోజనానికొస్తే గ్లెనిస్ వాడి పళ్ళెంలో అడక్కుండానే ఇంకో మాంసం ముక్క వేస్తుంది.

ఆ లెక్కే తలలో తిరుగుతుండగా పడిన చెట్టు కొమ్మలు కోస్తున్నాడు. రంపం మొన ఏదో రెమ్మకు తగిలి ఎగిరింది, ఎడమ తొడను రాసుకుంటూ పోయింది. ప్యాంటు తొడ చుట్టూ గిర్రున తిరిగింది. చూసుకుంటే పైగుడ్డ గీరుకుంది, అంతే.

రెక్స్ పరిగెత్తుకొచ్చాడు. "ఆ గోనెసంచి పారెయ్యవయ్యా బాబూ! రెండు కాళ్ళూ ఒకే గొట్టంలో పట్టేలా ఉన్నాయి."

"కొత్తది నీకు అమిరిందిగా, నీకేం."

"ఏంటి నీ గోల?"

ఎర్రోల్ రంపం ట్రక్కులో పడేశాడు. టీ కూడా తాగకుండా ట్రక్కు తీశాడు.

కొట్లో నోలీన్ ప్యాంటు తెచ్చి బల్ల మీద పరిచింది.

"ఎవరికిది?"

"నీకే."

"నాది తొంభై ఏడు."

"తొడుక్కో ముందు. నచ్చకపోతే తిట్టు."

తెర వెనక్కి వెళ్ళి తొడుక్కున్నాడు. బొత్తాం అనాయాసంగా పడింది. నడుము దగ్గర ఇంకా రెండు వేళ్ళు దూరుతున్నాయి. పాత ప్యాంటు భుజపట్టీల మీద వేలాడేది కాబట్టి, లోపల మనిషి తరిగిపోతున్న సంగతి అతనికి తెలియలేదు. అద్దంలో మెడ కింద ఎముకలు తేలి ఉన్నాయి.

నోలీన్ వంగి తొడ మీద గుడ్డ లాగి చూసింది. "ఇలా ఒంటికి పట్టుండాలి. గొలుసుకు చుట్టుకుని రంపాన్ని ఆపే దారాలు ముందువైపే ఉంటాయి. వదులైతే అవి వెనక్కి తిరిగిపోతాయి, నీకు మిగిలేది ఉత్త గుడ్డ." నిటారుగా లేచి, గొంతు తగ్గించింది. "నేను చెబితే నమ్మడు, ప్యాంటు చెబితే నమ్ముతాడు అంది మీ ఆవిడ."

ఎర్రోల్ బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. మందపు మేజోళ్ళతో, మడమ కదలకుండా, వేళ్ళు బూటు ముందున్న ఉక్కు తొడుగుకు తగలకుండా సరిగ్గా తన సైజే. విప్పలేదు.

"పాతవి పారెయ్యనా?"

"ఉండనీ. శనివారం వచ్చి పట్టుకెళ్తా."

గ్లెనిస్ పనిచేసే బేకరీ ముందు ట్రక్కు ఆపేసరికి ఆమె పిండి చేతులతోనే బయటికొచ్చింది. ప్యాంటు వంక చూసి పక్కసీట్లో కూర్చుంది.

"ఎప్పుడు కొలిచావు?"

"కుర్చీలో నిద్రపోతుంటే. టేపు తప్పేమోనని రెండోసారి కొలిచాను. డాక్టరు దగ్గరికి పదమంటే మందులమ్ముకోడానికి రోగాలు చెబుతారంటావు. ఇంకేం చెయ్యను?"

"నేను రెక్స్‌కి కొన్నావనుకున్నా."

"రెక్స్‌కా?" గ్లెనిస్ పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అతని మోకాలి మీద తల పెట్టేసింది. కొత్త గుడ్డకు పిండి అంటింది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసి, ఎర్రోల్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

"పద, ఆ డాక్టరేమంటాడో చూద్దాం," అన్నాడు.

డాక్టరు మందులేమీ అమ్మలేదు. జబ్బు ముదిరి, అప్పటికే ఆలస్యమైందన్నాడు. పొలాల్లో గడ్డి మీద తొలి మంచు పేరుకునే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, రెక్స్ కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదివి వినిపిస్తుంటే ఎర్రోల్ కన్నుమూశాడు. రెక్స్ ఇంకో పేజీ చదివాడు.

నోలీన్ కొట్టు ఊడ్చేటప్పుడు చీపురు ఆ బెంచీ దగ్గర ఆగుతుంది. దాని కింద ఎర్రోల్ పాత బూట్లు, మడమలు బయటివైపుకు అరిగి, ఒకదాని మీద ఒకటి వాలి, లేసుల కింది నాలుకల మడతల్లో ఇంకా సైప్రస్ పొట్టుతో.