ఏడో తరగతిలో వన్స్‌మోర్

దుర్గేష్ తలకు తువ్వాలుతో పాగా చుడుతూ చంద్రయ్య సారు మళ్లీ గడియారం చూశాడు. నాలుగో పీరియడు నలభై నిమిషాలే. వేషాలు కట్టేసరికి సగం పోయింది. మిగిలిన సగంలో ఏడో తరగతి పిల్లలు పాత పద్యనాటకంలోని కొలువు ఘట్టం ఆడి మెప్పించాలి. లేకపోతే నాచారం బడిలో ఆయనకిక పని లేదు.

ఇద్దరు తెలుగు సార్లు ఎందుకని కరస్పాండెంట్ మురళీధర్ అడిగి వారమైంది. "పిల్లలతోని ఏం జేయిస్తరో సూపియ్యున్రి సార్, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. ఇవాళ వెనక బెంచీలో కాళ్లు పట్టక ముడుచుకుని కూర్చున్నాడు.

చంద్రయ్య బక్కపలచటి మనిషి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ సుద్దపొడి. ఇరవై రెండేళ్లుగా చెంగిచెర్ల నుంచి బస్సులోనే వస్తున్నాడు. ఇప్పుడు మెట్రో కోసం తవ్విన ఉప్పల్ రోడ్డు మీద ఒళ్లు హూనమవుతోంది. వయసులో ఊళ్లో నాటకాలాడాడు గానీ ఎప్పుడూ భటుడి వేషమే. వన్స్‌మోర్లన్నీ రాజువే, భటుడికి ఎవరు కొడతారు? వన్స్‌మోర్ అన్నాక పాడకుండా దిగిపోయినవాడు కళాకారుడే కాడని పిల్లలకు చెప్పింది కూడా ఆయనే.

ఘట్టం చిన్నది. ఏ తప్పూ చేయనివాడికి రాజు మరణశిక్ష వేస్తాడు. ముసలి మంత్రి వచ్చి ఆపుతాడు. ఆ మంత్రి వేషం సంతోషిది. వారంగా అన్నం తింటూ కూడా ఆ మాటలే వల్లించింది.

రాజు పద్యం రెండో పాదంలో దుర్గేష్ మరిచిపోయి నిలబడ్డాడు. అందిద్దామని చంద్రయ్య ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు ఆపలేదు. పద్యం చివర రాగం తీస్తుంటే పక్క క్లాసు పిల్లలు కిటికీల దగ్గర మూగారు.

"వన్స్‌మోర్!"

పిచ్చి మారాజు చంద్రయ్యకు ఒళ్లు పులకరించింది. మళ్లీ పాడాడు. మళ్లీ అరిచారు. మూడోసారి పాడుతుంటే గడియారం కనిపిస్తూనే ఉంది, ఆపాలని తెలుస్తూనే ఉంది. నోరు మాత్రం మాట వినలేదు. రాగం సాగుతుండగానే గంట కొట్టారు.

మురళీధర్ లేచాడు. "మస్తు పాడిన్రు సార్. గని పిల్లలేం జేసిన్రు?"

చంద్రయ్య దుర్గేష్ తల మీది పాగా విప్పసాగాడు.

తలుపు చాటు నుంచి సంతోషి వచ్చింది. "సార్, నా మాటలు రేపు జెప్పాల్నా?"

"రేపు జెప్దువు బిడ్డా."

రేపు లేదని ఆయనకు తెలుసు.

సాయంత్రం ఆఫీసుకు పిలిచి ఇక రావద్దన్నారు. ఎవరికీ చెప్పకుండా రోజూ ఎక్కే బస్సే ఎక్కి వెళ్లిపోయాడు. ఏడో తరగతి బల్ల మీద, రేపటికి చెదరకుండా సంతోషి నోటుబుక్కు కాగితంలో పొట్లం కట్టి పెట్టిన మంత్రి దూది గడ్డం ఉంది.