కడిగిన గులకరాళ్లు

అద్దంలాంటి నీళ్లలో చేపలు ఎందుకు చచ్చాయి? చేపపిల్లలను పుట్టించే ఆ షెడ్డులో ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

తొమ్మిదేళ్లుగా అక్కడి పన్నెండు తల్లిచేపలను సాకింది వదినగారే. యజమాని ఆమెకు స్వయానా మరిది. అందుకని పనివాళ్లందరికీ ఆమె వదినగారే అయింది. షెడ్డులోని ఎనిమిది తొట్లకూ ఒక్కో వడపోత గుంట ఉండేది. తల్లిచేపల తొట్టిలోని నీరు గులకరాళ్లు నింపిన తన గుంటలో పడి, మళ్లీ తొట్టికి చేరేది. ఆ రాళ్లకు గోధుమరంగు జిగురు పట్టి ఉండేది. చేపలు విడిచే విషాన్ని తిని బతికే సూక్ష్మజీవుల కాపురం ఆ జిగురులోనేనని, అది కుదురుకోవడానికి నలభై రోజులు పడుతుందని ఆమెకు తెలుసు. అందుకే వారానికొకసారి తొట్టి నీళ్లతోనే, పసిబిడ్డ ఒళ్లు తుడిచినంత మెల్లగా రాళ్లను జాడించేది.

అనుమతి ఇచ్చే అధికారులు వస్తున్నారని తెలిసి, మరిది గుంటలోకి తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు. బ్లీచింగు వేసి తోమమన్నాడు. జిగురు పోతే చేపలూ పోతాయని ఆమె చెప్పింది. చెవిటివాని ముందు శంఖమే అయింది.

"వదినా, నీ వంటగిన్నెకి ఇంత జిగురు పడితే చూస్తూ ఊరుకుంటావా?"

"గిన్నెకి ఊపిరాడక్కర్లేదు కదయ్యా."

పనివాళ్లు నవ్వారు. మరిది నవ్వలేదు. ఇష్టం లేకపోతే తల్లిచేపలను ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు. వాటిని పరాయి చేతిలో పెట్టలేక ఆమె తన చేత్తోనే తోమింది. రాళ్లు ముత్యాల్లా మెరిశాయి. అధికారులు మెచ్చుకుని వెళ్లారు.

మూడో రోజు ఉదయం చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. పరీక్ష గొట్టంలో నీరు ముదురాకుపచ్చకు తిరిగింది: అమ్మోనియా, చేపలు విడిచిన ఆ విషమే. ఆమె మేత ఆపింది, సగం నీరు మార్చింది, మళ్లీ మార్చింది. జిగురుకు నలభై రోజులు కావాలి. చేపలకు రెండు రోజులే మిగిలాయి. ఐదో రోజుకు తొట్టి ఖాళీ.

చేపల డాక్టరు మొప్పలను సూక్ష్మదర్శినిలో చూసి, 'సూక్ష్మజీవులు సోకాయి. శుభ్రత చాలలేదు' అని రాశాడు. సూక్ష్మజీవులు కనబడిన మాట నిజమే. ఇల్లు కూలాక దొంగలు చొరబడినట్టు, విషానికి కాలిన మొప్పల్లోకి అవి ఆఖరున చేరాయి. రాళ్ల సంగతి ఆయన అడగలేదు, మరిది చెప్పలేదు, ఆమె చెప్పబోతే, అప్పటికే ఆయన పెట్టె సర్దుకున్నాడు.

నివేదిక అడుగున, చేపలను సాకినవారి సంతకానికి చోటుంది.

"పెట్టెయ్ వదినా. మళ్లీ ఇలా జరక్కుండా, రేపు మిగతా ఏడు గుంటలూ తోమించేద్దాం."

ఆమె వేళ్లకు బ్లీచింగు వాసన ఇంకా వదలలేదు. తోమిన చెయ్యి తనదే గనుక, సంతకం పెట్టింది.

ఇలాంటి కాగితం ఒకనాడు మీ ముందుకూ వస్తుంది. రాళ్లు ఎవరు తోమించారో అడగండి. జవాబు రాసి ఇచ్చేదాకా అక్కణ్నుంచి కదలకండి.