అరవై నిండినవాళ్ళ ఊపిరి

పిల్లల వార్డు డాక్టరమ్మకి కోపం వస్తే నోరు పెగలదు. పెన్ను మూత తీసి పెడుతూ, పెట్టి తీస్తూ టకటకలాడిస్తుంది. ఆ చప్పుడు వినపడితే చాలు, సిస్టర్లు పనున్నట్టు పక్క గదిలోకి జారుకుంటారు. ఆ ఏడాదంతా వార్డులో ఆ టకటకే. కారణం వేరే ఏం లేదు, వైద్య పరిశోధనకి సర్కారువారు ఇచ్చే డబ్బు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలంటే ఆవిడకి పంచప్రాణాలు. గాజుపెట్టెలో పెట్టి బతికించి ఇంటికి పంపాక కూడా వాళ్ళని వదిలిపెట్టదు. ఏడాదికోసారి పిలిపిస్తుంది. మూతికి అట్టగొట్టం పెట్టి గట్టిగా ఊదమంటుంది. ఆ పిల్లల ఊపిరితిత్తుల సత్తా ఎంతో మిషను చెబుతుంది. ఐదో ఏట అలా ఊదించింది. ఏడో ఏట వీళ్ళ ఊపిరి ఒక మలుపు తిరుగుతుందనీ, అక్కడ కొందరు తోటిపిల్లల్ని అందుకుంటారనీ, కొందరు ఇక ఎప్పటికీ వెనకబడే ఉంటారనీ ఆవిడ అనుమానం. అది నిజమైతే వెనకబడేవాళ్ళని ముందే పట్టుకోవచ్చు. నిజం కాదా, ఆ సంగతీ తెలియాలి. ఏదైనా ఏడో ఏటే తేలాలి. పిల్లలు ఏడేళ్ళ దగ్గర ఆగి సర్కారువారి తీరిక కోసం ఎదురు చూడరు కదా!

పరిశోధనకి డబ్బిచ్చే ఆఫీసు ఏటా ఒక అంశం ప్రకటిస్తుంది. నిరుడు ప్రకటించింది బాల్యం. డాక్టరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసి దరఖాస్తు పెట్టింది. జవాబు వచ్చింది: ఆలోచన బాగుంది, కానీ ఒక్క ఏడాది పరీక్షల ఫలితాలు చాలవు, మరికొన్ని చూపించండి. ఫలితాలు కావాలంటే పరీక్షలు చెయ్యాలి. పరీక్షలు చెయ్యాలంటే డబ్బు కావాలి. డబ్బు కావాలంటే ఫలితాలు చూపించాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.

ఆవిడా మొండిదే. వార్డులో మూలపడ్డ పాత మిషను దుమ్ము దులిపి, ఆదివారాలు మానుకుని, ఆరో ఏటి పరీక్షలు తనే చేసింది. చివరి పిల్లాడు ఊదాక ఆ మిషను ఒకసారి కీచుమని ప్రాణం విడిచింది. మళ్ళీ లేవలేదు. పోతే పోయింది, ఫలితాలు మాత్రం చేతికొచ్చాయి. ఆ సంతోషం ఇంకా చల్లారకముందే కొత్త ప్రకటన వెలువడింది. ఈ ఏటి అంశం వృద్ధాప్యం.

ఆ రోజు ఇంట్లో భోజనాల దగ్గర కూడా పెన్ను టకటకలాడుతుంటే మరిది ప్రకటన కాగితం లాక్కుని చదివాడు. ఆయన సబ్బులకీ షాంపూలకీ ప్రకటనలు రాసే మనిషి. ఇంట్లో అందరూ ఆయన్ని సబ్బుల కవి అంటారు.

"ఏ ఎండకా గొడుగు పట్టాలి వదినా. వాళ్ళు ముసలితనం అన్నారనుకో, మనం కూడా ముసలితనమే అనాలి."

"ఏడేళ్ళ పిల్లల్ని ముసలివాళ్ళని ఎలా అంటాను? నీకేమైనా మతి పోయిందా?"

"ఇవాళ పిల్లలే కదా రేపటి ముసలాళ్ళు. ఇదిగో, మొదటి వాక్యం రాసుకో. 'వృద్ధాప్యం మొదటి ఊపిరితోనే మొదలవుతుంది.' ఎలా ఉంది?"

"ఛీ, సబ్బు ప్రకటనలా ఉంది."

"సబ్బులు అమ్ముడుపోతున్నాయా లేదా? ఇంకోటి. పిల్లల్ని ఆసుపత్రికి ఎవరు తీసుకొస్తారు? తాతలూ అమ్మమ్మలేగా. పోలిక కోసం వాళ్ళని కూడా ఊదిస్తాం అని ఒక ముక్క చేర్చు. ముసలాళ్ళు కాగితం మీద ఉన్నారా అంటే ఉన్నారు."

భర్త మజ్జిగ తాగుతూ ఇద్దర్నీ చూసి, "ఈ ఇంట్లో పరిశోధన కూడా నురగ తేలుతోంది," అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. మసిపూసి మారేడుకాయ చేయడం ఆవిడ ఒంటికి పడదు. కానీ పిల్లలకి ఏడేళ్ళు ముంచుకొస్తున్నాయి. ఆవిడ వారం రోజులు తనతో తనే పోట్లాడి, చివరికి మరిది చెప్పిన వాక్యమే మొదట పెట్టి దరఖాస్తు పంపింది.

డబ్బు మంజూరైంది!

సూపరింటెండెంటుగారు స్వయంగా వార్డుకి వచ్చి అభినందించారు. ఆ ఆసుపత్రికి పరిశోధన డబ్బు రావడం అదే మొదటిసారి. గది గుమ్మంలో నిలబడి మరీ అందరికీ వినపడేలా మెచ్చుకున్నారు. ఆయన వెళ్ళాక డాక్టరమ్మ మంజూరు ఉత్తరం రెండో పేజీ తిప్పింది. అక్కడ ఒక్క షరతు ఉంది. పిల్లలు ఈ ఏటి అంశం కిందికి రారు గనక వారిని పరిశోధన నుంచి తొలగించడమైనది. అరవై నిండిన ఇంటి పెద్దలపై పరీక్షలకు పూర్తి నిధులు ఇవ్వడమైనది.

అన్నం వదిలేసి అరటాకు చేతికిచ్చినట్టుంది వాళ్ళ వరస. మర్నాడే ఆవిడ ఆ ఆఫీసుకి వెళ్ళింది. అద్దాల గదిలో అధికారి ఎంతో మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"మీ మొదటి వాక్యం ఉంది చూశారూ, మా కమిటీ మొత్తం ముచ్చటపడిపోయిందండీ. ఈ ఏటి పుస్తకం అట్టమీద అదే వేద్దామనుకుంటున్నాం."

"వాక్యం సంగతి వదిలేయండి. నా పరిశోధనే పిల్లల గురించి. వాళ్ళని తీసేస్తే ఇంకేం మిగిలింది?"

"ముసలివాళ్ళు మిగిలారు కదండీ."

"నాకు వాళ్ళు అక్కర్లేదండీ!"

అధికారి నొచ్చుకున్నట్టు చూశాడు. "అలా అనకూడదు మేడం. వాళ్ళకీ ఊపిరితిత్తులుంటాయి. పిల్లల అంశం నిరుడు అయిపోయింది. మళ్ళీ ఐదేళ్ళకి రావచ్చు."

"అప్పటికి వాళ్ళకి పన్నెండు వస్తాయి."

"పన్నెండేళ్ళవాళ్ళు కూడా పిల్లలే కదండీ, దరఖాస్తు పెట్టుకోవచ్చు."

డాక్టరమ్మ చెయ్యి పెన్ను కోసం సంచీలో వెతికింది. దొరకలేదు. డబ్బు వెనక్కిచ్చేస్తే ఏమవుతుందని అడిగింది. మూడేళ్ళపాటు మళ్ళీ దరఖాస్తు పెట్టే వీలుండదన్నాడు ఆయన, అదే మర్యాదతో. ఆ మర్యాదే ఆవిడకి ఎక్కువ మండింది. కసిరితే తిరిగి కసరచ్చు, చిరునవ్వుని ఏం చేస్తాం? ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఒక గ్లాసు మంచినీళ్ళు.

ఆసుపత్రికి తిరిగొచ్చి సూపరింటెండెంటుతో మొత్తుకుంటే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వచ్చినదాన్ని కాలదన్నుకోవద్దమ్మా. కొత్త మిషను వస్తుందా, రాదా? మిషనుకి ఎవరు ఊదినా ఒకటే కదా."

ఆ మాట దగ్గర డాక్టరమ్మ ఆగింది. నిజమే. ముసలివాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తారు. పిల్లల పరీక్షకి ఆసుపత్రి అనుమతి ఎప్పుడో వచ్చింది, అదింకా చెల్లుతుంది కూడా. లేనిదల్లా మిషను. పెద్దలు ఊదాక పక్కనున్న పిల్ల కూడా ఊదితే ఎవరికి నష్టం? అట్టగొట్టాలు తన జీతంలోంచి కొంటుంది. ఆవిడ షరతుకి ఒప్పుకుని సంతకం పెట్టేసింది. చాలా నెలల తర్వాత ఆ రాత్రి ఆవిడ హాయిగా నిద్రపోయింది.

మిషను తెల్లగా, అందంగా, పెళ్ళికూతురిలా వచ్చింది. మొదటి రోజు మొదటి నంబరు ఒక అమ్మమ్మది. ఆవిడ వెంట మనవరాలు వచ్చింది. రెండు నెలలు ముందుగానే పుట్టేసిన పిల్ల గనక ఇంట్లో దాన్ని తొందర అని పిలుస్తారు. పేరుకి తగ్గట్టే అది గుమ్మంలోంచే అరిచింది.

"డాక్టరాంటీ, నాకు మొన్న ఏడు నిండాయి! ఇంట్లో రోజూ ఊదడం ప్రాక్టీసు చేశాను. నేనే ముందు ఊదుతాను!"

"ఆగవే, ముందు నన్ను ఊదమన్నారు," అంది అమ్మమ్మ. మళ్ళీ తనే కుర్చీలోంచి లేచింది. "అయినా నా ఊపిరితో ఏం పనుందమ్మా మీకు? వాడి పారేసిన ఊపిరి. ఈ పిల్లనే ఊదించండి."

డాక్టరమ్మ సిస్టర్ వంక చూసింది. సిస్టర్ తలుపు దగ్గరికి వేసింది. తొందర కుర్చీ ఎక్కి, కాళ్ళు ఊపడం మానేసి, గొట్టం పళ్ళ మధ్య సరిగ్గా పట్టుకుంది. నిరుడు నేర్పిందేదీ మరిచిపోలేదు. గుండెల నిండా గాలి పీల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం ఎర్రబడేదాకా, చివరి చుక్క వరకూ ఊదింది. పక్కన నిలబడ్డ డాక్టరమ్మ కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. ఎన్ని వందల మంది పిల్లల్ని చూసిందో, అంత మంచి ఊదుడు ఎప్పుడూ వినలేదు. గాజుపెట్టెలో ఈ పిల్ల మొదటి వారం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

మిషను వయసు అడిగింది. ఆ వయసువాళ్ళతో పోల్చి గానీ లెక్క చూపించదు. డాక్టరమ్మ ఏడు అని కొట్టింది. తెర మీద ఎర్రని అక్షరాలు వచ్చాయి: అరవై నుంచి నూరు లోపు వయసు ఇవ్వండి.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అవే అక్షరాలు. మిషను పంపేముందు ఆఫీసువాళ్ళు మంజూరు షరతుని అందులో కూడా బిగించి పంపారు. ఎంత జాగ్రత్త! పిల్లల విషయంలో ఇందులో పావువంతు జాగ్రత్త ఉన్నా ఎంతో బాగుపడేవాళ్ళం.

"అరవై అని కొట్టేయండి మేడం," అంది సిస్టర్ గొంతు తగ్గించి. "తర్వాత మనం దిద్దుకుందాం."

డాక్టరమ్మ వేళ్ళు అంకెల మీదే ఉన్నాయి. కొట్టచ్చు. లెక్క కనిపిస్తుంది, మిషను లోపల దాచుకుంటుంది కూడా. కానీ ఏడేళ్ళ ఊపిరి అరవై ఏళ్ళ మనిషి పేరు మీద ఉంటుంది. రేపు ఆ లెక్క పట్టుకుని ఏ పిల్లకి ఏ మందు రాస్తుంది? ఎవరికి వెనకబడ్డావని చెబుతుంది? ఒక్క వాక్యం మసిపూసి రాసినందుకు పిల్లలందరూ కాగితం మీంచి కొట్టుకుపోయారు. ఇప్పుడు దీని వయసు కూడా మార్చేస్తే మిగిలేదేమిటి? ఆవిడకి అధికారి మీద కోపం వచ్చింది, మరిది మీద వచ్చింది, అందరికంటే ఎక్కువ తన మీద వచ్చింది.

"వద్దు," అంది.

తెర కాసేపు చూసి, ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి, దానంతటదే తెల్లగా అయిపోయింది.

"ఎంతొచ్చింది?" అంది తొందర, ఇంకా రొప్పుతూనే.

"చెరిగిపోయింది తల్లీ."

"నేను సరిగా ఊదలేదా?"

"బంగారంలా ఊదావమ్మా. మా మిషనే బాగాలేదు."

తొందర మిషను వంక జాలిగా చూసింది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "పోతే పోయిందిలెండి. మళ్ళీ ఊదుతాను, నా దగ్గర ఇంకా బోలెడుంది."

 డాక్టరమ్మ ఆ పిల్లని రెండు చేతులతో ఎత్తి కుర్చీలోంచి దింపింది. కొత్త గొట్టం తీసి అమ్మమ్మ చేతికి ఇచ్చింది.

"మీరు ఊదండమ్మా," అంది.