పాత అడ్రసుల సంతకాలు

ఎర్నస్టీన్ పేరు బ్యాలట్ మీద ఉండదట. లాండ్రీలో విన్నానని కింది వాటాలో ఉండే గాస్కిన్సమ్మ మా చెల్లెలితో అంటే, చెల్లెలు నా చెవిన వేసింది. "దొంగ సంతకాలని ఫిర్యాదు పెట్టారంట. పెట్టింది మన చర్చి మనిషేనంట."

నేను నమ్మలేదు. ఎర్నస్టీన్ ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. పోటీ చేసింది కూడా ఒకరి కడుపు కొట్టే పదవికి కాదు. వాషింగ్టన్ జనం ఓట్లేసి గెలిపిస్తాం గానీ, దేశ చట్టసభ కాంగ్రెస్ లోపల కూర్చోనివ్వని ప్రతినిధి అది. కుర్చీ లేదు, ఓటు లేదు, జీతం లేదు. ఏ రాష్ట్రంలోనూ లేని మా ఊరినీ ఒక రాష్ట్రం చెయ్యండని అక్కడి తలుపులు తట్టి రావడమే పని.

దానికీ రెండు వేలమంది ఊరి ఓటర్ల సంతకాలు కావాలి. చర్చి మెట్ల మీద ఎర్నస్టీన్ సంతకాల కాగితాల అట్ట పట్టుకుని నిలబడితే, పక్కనుండి జనాన్ని కేకేసి పిలిచింది సంఘపెద్ద లోనెల్. భార్య పోయాక ఏడాదిపాటు అతను తిన్నది ఎర్నస్టీన్ వండిన కూడే.

చిక్కేమిటంటే, మా చర్చిలో సగంమంది అద్దెలకు తాళలేక సరిహద్దు రోడ్డు దాటి పక్క రాష్ట్రం మేరీలాండ్‌లో పడ్డారు. ఆదివారం మాత్రం చర్చి వ్యానెక్కి ఇక్కడికే వస్తారు. అడ్రసంటే పాతదే రాస్తారు. "నేను పుట్టిన ఇల్లది. ఇంకేం రాయమంటావు?" అంటుంది ఓపలీన్ అవ్వ. వారం వారం చూసే ముఖాలు ఊరు వదిలాయని ఎర్నస్టీన్‌కూ తట్టలేదు.

నేనూ ఎర్నస్టీనూ ఎన్నికల ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు నకలు తెచ్చుకున్నాం. కొత్త సంతకాలకు గడువు దాటిపోయింది. ఫిర్యాదులో నూట తొంభై పేర్లు, పక్కనే ఇప్పటి మేరీలాండ్ అడ్రసులు. అవి కొట్టేస్తే మిగిలేవి రెండు వేలకు తక్కువ. చర్చి వ్యాను ఏ ఇంటి తర్వాత ఏ ఇంటి ముందు ఆగుతుందో, అచ్చం అదే వరుస. వ్యాను నడిపేది లోనెల్. అడుగున సంతకమూ అతనిదే.

శుక్రవారం చర్చి కింది హాల్లో చేపల వేపుడు. ఎర్నస్టీన్ వెళ్లేసరికి మూకుడు దగ్గర లోనెల్ ఉన్నాడు.

"రా అక్కా, వేడిగా ఉన్నాయి."

"ఈ పదవికే నా మీద పోటీకి నిలబడ్డ లాయరు కుర్రాడు నీకేమవుతాడు?"

"మేనల్లుడు. ఈ మెట్టెక్కితే రేపు సిటీ కౌన్సిల్‌కి పోతాడు. నీకెందుకక్కా ఈ వయసులో, కుర్చీ కూడా లేని కొలువు?"

"కుర్చీ లేనిదానికే ఇంత చేశావే, ఉండుంటే నన్ను ఈ నూనెలో వేసేవాడివి" అంది ఎర్నస్టీన్. వరుసలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

ఆమె గొంతు తగ్గించింది. "వాళ్లు ఎక్కడుంటారో నీకు తెలుసు. సంతకాలు పెడుతుంటే పక్కనే ఉన్నావు. కాగితాలు ఇచ్చేముందు ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదరా."

లోనెల్ చేపముక్కను తిరగేశాడు.

"చెబితే వేరేవి తెచ్చుకునేదానివి."