నాలుగో కాలు

మా ఆయన తాపీమేస్త్రీ. కదిలేది ఏది కనబడినా ఆయన చేతులు ఊరుకోవు. పీట ఊగితే సిమెంటు, గడప కదిలితే సిమెంటు. పెళ్ళైన కొత్తలో నా కుట్టుమిషను ఊగుతోందని దాని కాళ్ళకూ వేయబోతే అడ్డం పడి ఆపాను. ఆ రోజే నేను జాగ్రత్త పడవలసింది.

మా గుమ్మానికీ కాలిబాటకూ మధ్య మూడు మెట్లున్నాయి. మామయ్య కూడా మేస్త్రీయే. పరంజా మీంచి పడి నడుము కింద చచ్చుబడ్డాక ఆ మూడు మెట్లూ దిగడం ఆయన వల్ల కాలేదు. రెండేళ్ళు ఇంట్లోనే కూర్చుని, గోడల్లో వంకరలు వెతికి, వండినదానికల్లా వంక పెట్టి మమ్మల్ని కాల్చుకుతిన్నారు. చివరికి వడ్రంగి చేత నాలుగు కాళ్ళ చెక్క వాలు ఒకటి చేయించి, గోడ వెంబడి పక్కకు దిగేలా పెట్టించాం. మర్నాటి నుంచి ఆయన చక్రాల కుర్చీ తోసుకుంటూ వీధి చివర కడుతున్న భవనం దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడి మేస్త్రీలకు తిట్లు, మాకు శాంతి. మనిషి ముఖంలో కళ తిరిగొచ్చింది.

అదిగో, ఆ వాలు తీసేయమనే మా తలుపుకు నోటీసు అంటించారు.

"కాలిబాటపై అనధికార కట్టడం. ప్రజల భద్రతకు ముప్పు. ఏడు రోజులలో సవరించని యెడల మేమే తొలగించెదము."

కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి నేను బజారుకు వెళ్ళిన గంటన్నరలో మా ఆయన దాన్ని చదివారు. మిగతాదంతా వదిలేసి భద్రత అన్న ముక్క పట్టుకున్నారు. వాలు ఊగుతోందని ఎవరో ఫిర్యాదు చేశారనుకుని నాలుగు కాళ్ళకూ సిమెంటు వేసేశారు. నేను వచ్చేసరికి చేతులు కడుక్కుంటూ ఎదురొచ్చారు.

"ఇప్పుడు ఏనుగెక్కినా కదలదు. వచ్చి చూసుకోమను!"

మర్నాడు పొద్దున్నే వార్డు ఆఫీసుకు నేనే వెళ్ళాను. ఆయన్ని పంపితే అక్కడ ఊగే బల్లలన్నిటి సంగతీ చూసి వచ్చేవారు. గుమాస్తా ఒక పెద్దావిడ. నోటీసు చూసి, అట్ట ఊడిన నిబంధనల పుస్తకం నా ముందుకు తోసింది. నేను జరిమానాల పేజీ కోసం వెనక నుంచి తిప్పబోతే చేత్తో ఆపింది.

"అందరూ అక్కడికే పరిగెడతారమ్మా. ముందు మొదటి పేజీలు చదువు. వీళ్ళు కట్టడం అని దేన్నంటారో, దేన్ననరో అక్కడుంటుంది. అది తేలకుండా జరిమానా దాకా పోతే ఎట్లా?"

ఆవిడ మాట నాకు నచ్చింది. కొలత తీసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టను కదా నేను. కూర్చుని వేలు పెట్టి చదివాను. నేలకు గానీ గోడకు గానీ బిగించినదే కట్టడం. పనిముట్లు లేకుండా ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగలిగితే అది చలన ఉపకరణం. నడవలేనివారి కోసం పెట్టిన చలన ఉపకరణాన్ని, కాలిబాటలో సగానికి మించకపోతే, పగటిపూట ఉంచుకోవచ్చు. చీకటి పడేలోగా లోపలికి తీసుకోవాలి.

నా ప్రాణం లేచొచ్చింది. కాలిబాట ఆరడుగులు, మా వాలు రెండడుగుల పదంగుళాలు. చేయించిన రోజే నా టేపుతో నేనే కొలిచాను. ఎత్తడానికి ఇద్దరం చాలు. సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది సిమెంటు. రాత్రిళ్ళు లోపల పెట్టుకుంటే చాలు, నిన్న మధ్యాహ్నం దాకా మాది పెద్ద తప్పేమీ కాదు. నిన్న సాయంత్రం మా ఆయన దాన్ని దగ్గరుండి తప్పు చేసి పెట్టారు.

"బద్దలు కొట్టించెయ్యి. కానీ కాలిబాట పలకలు పగిలాయో, అది వేరే కేసు" అంది గుమాస్తా.

ఇంటికొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తలొంచుకుని సుత్తీ ఉలీ తీశారు. పగలు పనికి పోవాలి కాబట్టి పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట, పలకలు పగలకుండా గోరంత గోరంత చెక్కారు. ఐదు రోజులకు మూడు కాళ్ళు ఊడాయి. గడప పక్కనున్న నాలుగోది మాత్రం మొండికేసింది. గట్టిగా కొడితే కింది పలక చీలేలా ఉంది. ఆయన పనితనాన్ని మెచ్చుకోవలసిన అవసరం ఇంత దరిద్రపు సమయంలో వస్తుందనుకోలేదు.

మామయ్య అయితే అసలు ఆశ వదిలేసుకున్నారు. కుర్చీ గోడవైపు తిప్పుకుని, "పోనీలేమ్మా, నేను చూడని వీధులా" అన్నారు. రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా ఆయన మీద నాకంత జాలి వేయలేదు. వంటలో ఉప్పెక్కువైన రోజు కూడా మాట్లాడకుండా తిన్నారు. నాకు భయం వేసింది.

ఏడో రోజు పదింటికే ఇన్‌స్పెక్టరు దిగాడు. నడివయసు మనిషి, చంకలో ఫైలు, చేతిలో ఉక్కు టేపు. మా ఆయన ఆ రోజు పని మానుకుని ఇంకా నాలుగో కాలి దగ్గర మోకాళ్ళ మీదే ఉన్నారు, చుట్టూ సిమెంటు పొడి. ఇంక అయిపోయిందనుకున్నాను.

"మా మీద ఫిర్యాదు చేసింది ఎవరో చెప్పండి. ఆ భవనం కాంట్రాక్టరేనా? మా మామయ్య వంకలు పెడతారని వాడికి కడుపుమంట" అన్నాను, అడ్డం నిలబడి.

"పేరు చెప్పకూడదమ్మా. కళ్ళు కనబడని ఒకాయన, కర్రతో నడుస్తారు. పొద్దున్న అయితే ఎవరో పెద్దాయన పక్కకి తప్పుకోమని చెప్తారట. సాయంత్రం చెప్పేవాళ్ళు లేక దీన్ని తగిలి పడ్డారు. మోచెయ్యి విరిగింది."

చీకటి పడ్డాక ఎవరికైనా తగులుతుందేమోనని నాకెప్పుడూ తోచలేదు.

లోపల కుర్చీ చక్రాలు కదిలిన చప్పుడయింది. మామయ్య గడప దాకా వచ్చారు.

"ఆ పెద్దాయన్ని నేనే. ఆయన నాకు తెలుసు" అన్నారు. "బాబూ, ఇవాళ్టి దాకా మాకు గడువుందా?"

"సాయంత్రం ఐదు దాకా ఉంది. సరిచేసుకుంటారనే కదండీ గడువిచ్చేది. నేను రాసేది నా కళ్ళముందు ఉన్నదాన్ని. చివర దుకాణం బోర్డొకటి చూసుకుని అరగంటలో వస్తా."

ఇన్‌స్పెక్టరు అటు తిరగగానే మామయ్య చెయ్యి చాచారు. "చిన్న సుత్తి ఇలా ఇవ్వరా."

వాలు మీంచి కిందికి దిగి, కుర్చీలోంచి వంగి, నాలుగో కాలి చుట్టూ మెల్లగా తట్టుకుంటూ చెవి పెట్టి విన్నారు. టక్, టక్, టక్. గోడవైపు మూలకు వచ్చేసరికి చప్పుడు మారింది. నాకు కూడా తెలిసింది, లోపల డొల్ల.

"ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను, మూల నింపరా, మూల నింపరా అని. ఇప్పటికీ నింపవు!"

మా ఆయన దొరికిపోయినట్టు చూశారు. మామయ్య అక్కడే రెండు దెబ్బలు వేశారు. సిమెంటు ముద్ద రెండుగా విచ్చి పక్కకు ఒరిగింది. పలక మీద గీత కూడా పడలేదు.

"ఈ ఒక్కసారికి నీ తప్పే కాపాడిందిరా. మళ్ళీ చేశావంటే చంపుతాను" అన్నారు. ఆ తిట్టు విని నాకు ఏడుపొచ్చింది. మా మామయ్య మాకు తిరిగొచ్చారు.

ఇన్‌స్పెక్టరు వచ్చి టేపు వేశాడు. రెండడుగుల పదంగుళాలు, నా లెక్కే. నేనొక కొస, మా ఆయన ఒక కొస పట్టుకున్నాం. ఆరు రోజుల తర్వాత మొదటిసారి ఆయన ముఖంలోకి చూసి, "ఎత్తండి" అన్నాను. వాలు పువ్వులా లేచింది. నడవాలోకి తీసుకుపోయి, మళ్ళీ తెచ్చి పెట్టాం. "చలన ఉపకరణం. పగటిపూట అనుమతి. కేసు ముగించడమైనది" అని రాసి సంతకం చేశాడు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. గుండెల మీంచి బండ దింపినట్టయింది. మధ్యాహ్నం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున మేం వాలు వేసేలోపే మామయ్య గడపలో సిద్ధంగా ఉన్నారు. దిగి, నేరుగా భవనం వైపు పోకుండా అక్కడే ఆగిపోయారు. కాసేపటికి కర్ర చప్పుడు వినిపించింది. వచ్చినాయన చెయ్యొకటి కట్టుతో మెడకు వేలాడుతోంది.

"కొంచెం ఎడమకి రండి" అన్నారు మామయ్య. "మీరు పడింది మా వాలు తగిలేనండీ. తప్పయింది. ఇకనుంచి సాయంత్రాలు ఇది ఇక్కడుండదు."

ఆయన కర్ర ఆపి గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "వారం రోజులుగా మీ గొంతు వినపడకపోతే మీకేమైందోనని భయపడ్డానండీ" అన్నాడు.

మామయ్య కుర్చీ ఆయన పక్కకు తిప్పుకున్నారు. ఇద్దరూ వీధి చివరిదాకా కలిసే వెళ్ళారు.