నువ్వుగింజలో సగం పురుగు, నేనూ

నేను ఒక కంప్యూటర్‌ని. అలా తీసిపారేసినట్టు చూడకండి. ఎంత మసక బొమ్మలైనా సరే, నాకు అప్పజెప్పితే దోమ మీసం మీది నూగును తాటిమట్టంత తేటగా చూపిస్తాను. చూపించలేకపోతే నా పేరు మార్చుకుంటాను.

నేను పుట్టింది విశాఖలో. ఒకడి తల, ఇంకొకడి గుండె, మరొకడి పొట్ట తెచ్చి రేకుపెట్టెలో బిగించారు. కొన్నాళ్లు ఇంటర్నెట్ సెంటర్లో పరీక్ష ఫలితాలు చూపించి పిల్లల్ని ఏడిపించాను. అది మూతపడ్డాక పాలకొండలో తవిటినాయుడి ఫొటో స్టూడియోకి చేరాను. అక్కడ చామనచాయ పెళ్లికొడుకుల్ని పాలమీగడలా చెయ్యడం నా వృత్తి. వద్దన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

ఒకనాడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే హైమవతి మేడం అగ్గిపెట్టెలో ఒక చచ్చిన కందిరీగను తెచ్చింది. నువ్వుగింజలో సగం ఉంటుంది. సీతంపేట దారిలో ఒక జీడితోటలో దొరికిందట. అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదట. ఆ వెంటనే తోట కొట్టేశారు. మళ్లీ వెతకబోతే మోడులే మిగిలాయి. ఇలాంటి జీవి ఒకటి ఉండేదని లోకాన్ని నమ్మించాలంటే ఇక ఆ అగ్గిపెట్టెలోదే సాక్ష్యం.

అంత చిన్నదాన్ని దగ్గర్నుంచి తీస్తే వెంట్రుకవాసి మందమే తేటగా పడుతుంది. ముందూ వెనకా మసకే. అందుకని కెమెరాను పిసరు పిసరు జరుపుతూ బోలెడు ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో తేటగా ఉన్న ముక్కను ఏరి ఒకే బొమ్మగా కలపాలి. ఆ పనికి మేడం మూడు సాఫ్ట్‌వేర్లు ఎంచింది. ఒకటి నాలో ఉన్న పెళ్లి ఆల్బంలదే. ఇదీ చేస్తానంటుంది గానీ, పురుగు కాళ్లు ఒకదాని మీద ఒకటి పడితే తికమకపడుతుంది. రెండోది ఈ పనికే పుట్టింది. ఒక పద్ధతిలో రంగులు నిలిపి వెంట్రుకలు పోగొడుతుంది, ఇంకో పద్ధతిలో వెంట్రుకలన్నీ పట్టి వాటి చుట్టూ దేవుడి పటంలోలా వెలుగు పెడుతుంది. మూడోది ఊరికే దొరికింది. దానికి బొత్తాలు లేవు, ప్రతిదీ టైపు చేసి బతిమాలాలి. మూడింటినీ పోటీపెట్టాలని మేడం ఉబలాటం.

పురుగు కదులుతుందని గాలాడకుండా తలుపులేసుకుని తీశారు. ఆఖరి ఫొటో అయ్యీ అవగానే నాయుడికి జాలేసింది.

"సెమటతో తడిసిపోనారు మేడం గోరూ, కాస్త గాలి తగల్నీండి!" అని టేబుల్ ఫ్యాన్ వేశాడు.

"అయ్యో, ఫ్యానొద్దు నాయుడు గారూ!"

చచ్చిన కందిరీగ మళ్లీ ఎగిరింది. ఇద్దరూ నేలంతా పాకి వెతికారు. చిక్కలేదు.

"ఫొటోలున్నాయి కదా, అదే పదివేలు. కంప్యూటర్లో ఎక్కించి ఉంచండి, రేపొస్తాను" అని కెమెరా కార్డు ఆయన చేతిలో పెట్టి వెళ్లింది.

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి ఒక అలవాటు. మసకగా పడినవాటిని కెమెరాలోనే చెరిపేసి, బాగున్నవే నాకు పంపుతారు. నాయుడు ఎంతో శ్రద్ధగా ఆ పని చేశాడు. ఖాళీ అయిన కార్డుతో ఓణీల ఫంక్షన్ కూడా తీసొచ్చాడు. చెరిపిన చోటంతా చుట్టాలు సర్దుకు కూర్చున్నారు. ఇక పాతవి తిరిగి రావు.

"మిగతావేవి నాయుడు గారూ?" అంది మర్నాడు మేడం.

"అన్నీ మసకేనండి, తీసీసేను. కళ్లు బాగా పడ్డవి ఉంచేను. మా పనిలో కళ్లే కదేటండి ముఖ్యం!"

"ఆ మసకల్లోనే దాని రెక్కలున్నాయండి. కాళ్లున్నాయి, నడుముంది..."

నాయుడి మొహం పాలిపోయింది. "నాకు సెప్పనేదు కదమ్మా" అన్నాడు, వినబడీ వినబడనట్టు.

మిగిలిన రెండు మూడు బొమ్మలతోనే మూడు సాఫ్ట్‌వేర్లనీ నడిపారు. మొదటిది కళ్లు చూపించింది. రెండోది కళ్ల చుట్టూ వెలుగు పెట్టింది. మూడోది, ఎంత బతిమాలినా, అవే కళ్లు. పేరు మార్చుకుంటానన్నాను కదూ? మార్చేయండి. అసలు నాకు పేరే లేదు గనక నష్టమూ లేదు. ఉన్న ముక్కల్ని కలుపుతాను గానీ, లేనివాటిని ఎక్కణ్ణుంచి తేను?

"పోనీలెండి, ఇంకోటి దొరుకుతుంది" అని మేడం నవ్వింది. నాయుడి ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్లో, తుప్పు కుక్కర్ల మధ్య ఉన్నాను. నా జ్ఞాపకాల పెట్టె ఎవరో విప్పుకుపోయారు. అయినా ఇంత చెప్పానంటే చూసుకోండి. అన్నీ నిజాలే, ఒక్కచోట తప్ప. మేడం నవ్విందన్నది నేను కల్పించాను. ఇంకోటి దొరుకుతుందని కూడా అనలేదు. ఒళ్లు లేని ఆ రెండు కళ్లనీ చూస్తూ కూర్చుంది. తర్వాత తనే లేచి నన్ను ఆపేసింది.